బీప్ వచ్చేదాకా ఆగలేని చెయ్యి

మొన్న కండ్లకోయలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు నన్ను పిలిచారు. వాకీటాకీల పనిలో జీవితమంతా గడిపిన మనిషిని కాబట్టి ఆఖరి సంవత్సరం పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. అయిపోయాక ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచింది.

"మేడం, డిజిటల్ రేడియో ఉద్యోగానికి పోవాలంటే ఏ టర్ములు నేర్చుకోవాలె? ఇంటర్వ్యూల ఏమడుగుతరు?"

నోటికొచ్చినవన్నీ చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా రాసుకుంది. బస్సెక్కి బహదూర్‌పల్లికి తిరిగి వస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ పదాలతోనే నాకు ఇన్నాళ్లూ అన్నం దొరికింది, నిజమే. అవే పదాలతో ఒక మనిషి నోట్లో మట్టి కొట్టడం కూడా నేను దగ్గరుండి చూశాను. ఆ సంగతి ఎత్తకుండా పదాలు మాత్రం ఇచ్చి వచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఎప్పుడు చేరాను, ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాను అనేవి వదిలేస్తాను. వాటితో మీకు పని లేదు. ఇప్పుడు చూసుకుంటే నాకూ లేదు.

ముందు ఆ పదాలు

మాది వాకీటాకీలు అమ్మి, బిగించి, బాగుచేసే చిన్న కంపెనీ. మేడ్చల్ చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు, శామీర్‌పేట దిక్కు రిసార్టులు, కొత్తగా లేచిన కాలనీలు, అన్నీ మా గిరాకీలే. ఈ పనిలో వాకీటాకీని సెట్టు అంటాం. నేనూ అలాగే రాస్తాను.

డిజిటల్ సెట్ల పదాలు వినడానికి పెద్దవి, లోపల సంగతి చిన్నది. టైమ్ స్లాట్ అంటే ఒకే దారిని రెండు జట్లు వంతులేసుకొని వాడుకోవడం. వంతులు ఎంత జల్దీగా మారతాయంటే మాట్లాడేవాళ్లకు తెలియను కూడా తెలియదు. కలర్ కోడ్‌లో రంగేమీ లేదు, పక్క ఫ్యాక్టరీ వాళ్ల గోల మన సెట్లోకి రాకుండా పెట్టే ఒక అంకె. రిపీటర్ అంటే ఎత్తు మీద కూర్చుని, చిన్న సెట్టు మాటను అందుకొని గట్టిగా మళ్లీ పంపే పెట్టె. ఇవన్నీ వారం రోజుల్లో ఎవరికైనా వస్తాయి.

ఇక టాక్ పర్మిట్ టోన్. డిజిటల్ సెట్లో బటన్ నొక్కగానే మాట పోదు. సెట్టు ముందు రిపీటర్‌ను లేపుతుంది, దారి ఖాళీగా ఉందా అని అడుగుతుంది, ఉందంటే మన చెవికి చిన్న బీప్ ఇస్తుంది. ఆ బీప్ విన్నాకే మాట్లాడాలి. అది రాకముందు మాట్లాడిందంతా గాలికే. రెప్పపాటు ఆలస్యం, అంతే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు రెప్పపాటు ఎంత పొడుగ్గా ఉంటుందో మాన్యువల్ రాసినవాడికి తెలియకపోవచ్చు.

పాత అనలాగ్ సెట్లలో ఇదేమీ లేదు. నొక్కితే అవతలి సెట్లో 'టక్' మనేది, వదిలితే 'కిచ్' మనేది. వదిలినప్పుడు వచ్చే ఆ చప్పుడును స్క్వెల్చ్ టెయిల్ అంటారు. దూరం పోతున్నకొద్దీ మాట వెనక కరకర మొదలయ్యేది. డిజిటల్ సెట్లు వచ్చి ఈ చప్పుళ్లన్నీ కడిగి పారేశాయి. సెట్లు అమ్మడానికి పోయే మావాళ్లు దాన్నే గొప్పగా చెప్పుకునేవారు. "కొత్త సెట్ల లొల్లే ఉండదు సార్, అద్దం లెక్క ఉంటది" అనేవారు. కొనేవాళ్లు సంతోషంగా తల ఊపేవారు.

చప్పుడు నేర్పిన మనిషి

నాకు పని నేర్పిన మొదటి ఇంచార్జి మంచివాడు కాదు. టవర్ ఎక్కే పని వస్తే, "ఆడపిల్లవు, నీకెందుకమ్మా" అని నన్ను కిందనే నిలబెట్టేవాడు. నేను కనిపెట్టిన తప్పును ఓనరు ముందు తనదిగా చెప్పుకునేవాడు. అతన్ని తలుచుకుంటే ఇప్పటికీ గౌరవం కలగదు. అయినా ఒక్కటి మాత్రం అతని దగ్గరే నేర్చుకున్నాను. బాగుకోసం వచ్చిన సెట్టును విప్పకముందు చెవి దగ్గర పెట్టి చాలాసేపు ఊరికే వినమనేవాడు.

"మాట ఇనుడు అందరికొస్తది. ఎన్కనుంచి వచ్చే లొల్లి ఇను. అసలు ముచ్చట గాడుంటది."

ఆ మాట విలువ డిజిటల్ వచ్చాక తెలిసింది. బహదూర్‌పల్లిలో ఒక పెద్ద కాలనీకి కొత్త సెట్లు బిగించాం. కొన్నాళ్లకు గోడ వెంబడి తిరిగే వాచ్‌మన్ మీద ఫిర్యాదు వచ్చింది, పిలిస్తే పలకడం లేదని. నేను వెళ్లి అతనితో పాటు నడిచాను. వెనక గోడ మూల దాకా మాట గంట కొట్టినట్టు వినబడింది. ఇంకో నాలుగు అడుగులు వేసేసరికి మొత్తం మాయమైంది.

"పాతదైతే గర్ గర్ అంటుండె మేడం" అన్నాడతను. "గట్ల అనంగనే ఎన్కకు జరుగుతుంటి. ఇది మంచిగనే మాట్లాడుతది, సప్పుడు లేకుంట సచ్చిపోతది."

పై చదువులు చదివినవాళ్లు దీనికి డిజిటల్ క్లిఫ్ అని పేరు పెట్టారు. అంటే సిగ్నల్ మెల్లగా తగ్గదు, అంచు దాకా బాగుండి ఒక్కసారిగా పడిపోతుంది. పేరు పెట్టారు సరే, ఆ సంగతి వాచ్‌మన్‌కు చెప్పినవాడు ఒక్కడూ లేడు. కాలనీ వాళ్లు అతన్ని మార్చేశారు. కొత్తగా వచ్చినవాడికీ ఆ మూల దగ్గర సెట్టు పలకలేదు. అప్పుడు మమ్మల్ని మళ్లీ పిలిచి రిపీటర్ ఎత్తు పెంచమన్నారు. పాతవాణ్ని మాత్రం తిరిగి పిలవలేదు.

దాణా మిల్లు

ఇప్పుడు అసలు సంగతి.

శామీర్‌పేట దాటాక ఒక కోళ్ల దాణా మిల్లు ఉండేది. పేరు రాయను. అక్కడ ఖాజా, యాదగిరి అని ఇద్దరు పనివాళ్లు. ఖాజా పెద్దవాడు, పైన మొక్కజొన్న నిలవ చేసే బిన్ దగ్గర ఉంటాడు. యాదగిరి కింద ప్యానెల్ రూమ్‌లో మోటార్ల స్విచ్‌లు చూస్తాడు. బిన్ అడుగున గింజను ముందుకు తోసే పెద్ద ఇనుప స్క్రూ తిరుగుతూ ఉంటుంది. వానాకాలంలో తడి మక్కలు, అంటే తడి మొక్కజొన్న, వస్తే అవి గడ్డకట్టి స్క్రూ మీద కదలకుండా ఆగిపోతాయి. అప్పుడు ఖాజా పక్క మూత తీసి ఇనుప కడ్డీతో గడ్డలు పొడుస్తాడు. యాదగిరి కింద స్క్రూను కొంచెం తిప్పుతాడు, ఆపుతాడు, మళ్లీ తిప్పుతాడు.

మూత తీస్తే మోటారు దానంతట అది ఆగాలి. దానికి ఒక స్విచ్ ఉండేది. అది ఎప్పుడో పాడైతే, కొత్తది పెట్టకుండా వైరుకు వైరు కలిపి వదిలేశారు. మిల్లు ఓనరుకు తెలుసు, అందరికీ తెలుసు. పని ఆగకూడదు, అదొక్కటే లెక్క.

ఆ దుమ్ములో, ఆ హోరులో మాట్లాడటం కుదరదు. ఖాజా మూతికి గుడ్డ కట్టుకుంటాడు, ఒక చేతిలో కడ్డీ ఉంటుంది. అందుకని ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. మొదలుపెట్టేముందు ఖాజా గుడ్డ కిందికి లాగి "ఇడువు", అంటే స్క్రూను వదులు, అని సెట్లో చెబుతాడు. ఆపాలంటే మాట లేదు. నడుముకున్న సెట్టు బటన్‌ను రెండుసార్లు గబగబా తాటించి వదలడమే. కింద యాదగిరి సెట్లో 'టక్‌కిచ్, టక్‌కిచ్' అని వస్తుంది. చెయ్యి స్విచ్ మీదే ఉంటుంది, ఆపేస్తాడు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎండాకాలంలో మావాళ్లు పోయి ఆ మిల్లులో పాత సెట్లు తీసేసి డిజిటల్ పెట్టారు. నన్ను పంపలేదు. మా మేనేజరే దగ్గరుండి క్యాంటీన్‌లో అందరినీ కూర్చోబెట్టి ఇంగ్లీషు కాగితం చదివి, దానికి ట్రైనింగ్ అని పేరు పెట్టి, సంతకాలు తీసుకున్నాడు. సెట్టు తల మీద నారింజ రంగు ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే అందరి సెట్లూ మోగేలా పెట్టొచ్చు. ఊరికే నొక్కి తమాషా చేస్తారని దాన్ని పనిచేయకుండా ఆపేశారు. మీరు ఎట్లా మాట్లాడుకుంటారు, ఒకసారి చూపండి అని ఏ ఒక్కరూ అడగలేదు.

తడి మక్కలు వచ్చి కొత్త సెట్లతో మొదటిసారి బిన్ గడ్డకట్టిన రోజున, ఖాజా బటన్ నొక్కి పట్టుకున్నాడు. బీప్ వచ్చాక ఎప్పటిలాగే "ఇడువు" అన్నాడు, మాట పోయింది, స్క్రూ తిరిగింది. కడ్డీ స్క్రూలో ఇరుక్కొని అతని కుడి చేతిని చొక్కాతో సహా లోపలికి లాగింది. ఎడమ చేత్తో రెండుసార్లు తాటించాడు. మళ్లీ తాటించాడు. బీప్ వచ్చేలోగా వేలు లేస్తే డిజిటల్ సెట్టు దాన్ని లెక్కలోకే తీసుకోదు. ఒకవేళ తీసుకున్నా, మాట లేని చోట అవతలికి పోయేది నిశ్శబ్దమే. కింద యాదగిరి స్విచ్ మీద చెయ్యి పెట్టుకొని వింటూనే ఉన్నాడు. ఏమీ రాలేదు. రాలేదంటే అంతా బాగున్నట్టే కదా. పక్క బిన్ మీది కూలీ చూసి అరుచుకుంటూ కిందికి పరుగెత్తుకొచ్చాక గానీ స్క్రూ ఆగలేదు.

ఖాజా బతికాడు. కుడి చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు.

పరీక్ష, తర్వాత రిపోర్టు

సెట్లు పరీక్షించడానికి నన్ను పంపారు. నేను పోయేసరికి ఖాజా ఆసుపత్రిలో ఉన్నాడు. మిల్లులో అందరూ ఒకే మాట అంటున్నారు. ప్యానెల్ మీదున్నవాడు ఫోన్ చూస్తూ కూర్చున్నాడు, అందుకే ఆపలేదు అని. యాదగిరి గేటు బయట నిలబడి ఉన్నాడు. అతన్ని అప్పటికే పనిలోంచి తీసేశారు. నేను సెట్టు చేతికిచ్చి, రోజూ ఎట్లా చేస్తారో అట్లా చేయమన్నాను. తాటించి చూపించాడు. నా చేతిలోని సెట్టు చిన్న పచ్చ దీపం కూడా వెలిగించలేదు. మళ్లీ చేయమన్నాను. మళ్లీ అంతే.

అతను నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు.

"మరి ఖాజా భాయ్ నొక్కిండా మేడం?"

"నొక్కే ఉంటాడు."

"నాకు రాలే."

"రాదు. ఈ సెట్లో రాదు."

అతను సెట్టు నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. తర్వాత, "నౌకరి సంగతి ఇడిసిపెట్టుండ్రి. ఖాజా భాయ్ నేను కావాలని ఆపలే అనుకుంటుండు. దవాఖానకు పోతే మొఖం గోడదిక్కు తిప్పుకున్నడు. గా ఒక్క మాట ఆయనకు మీరు సెప్పుండ్రి. నేను సెప్తె నమ్మడు" అన్నాడు.

చూసింది చూసినట్టు రిపోర్టు రాశాను. పనివాళ్లు తాటింపుతో సైగలు చేసుకునే పద్ధతి ఉంది, డిజిటల్‌కు మార్చినప్పుడు దాన్ని గమనించలేదు, ఎమర్జెన్సీ బటన్ ఆపేసి ఉంది, మూత స్విచ్ కలిపేసి ఉంది అని. మేనేజరు చదివి బల్ల మీద పెట్టాడు.

"మీకెందుకు మేడం గీ పంచాయతి? మనం సెట్లిచ్చినం, ట్రైనింగ్ ఇచ్చినం, సంతకాలున్నయి. మీరు రాసింది బయటికి పోతే రేపు ఒక్క ఫ్యాక్టరీ మనల్ని గేట్ల అడుగు పెట్టనియ్యదు."

"మనిషి చెయ్యి పోయింది సార్."

"పోయింది. మన కాగితంతోటి మల్ల మొలుస్తదా?"

ఆ మాటకు జవాబు చెప్పాలంటే అతని చెంప మీదికి చెయ్యి లేపాలి. లేపలేదు. బయటికి పోయిన రిపోర్టు ఇంకొకరు సంతకం పెట్టింది. వాడినవాడు టాక్ పర్మిట్ టోన్ కోసం ఆగలేదనీ, ప్యానెల్ ఆపరేటర్ అప్రమత్తంగా లేడనీ, సెట్లలో లోపం లేదనీ అందులో ఉంది. విడివిడిగా చూస్తే మొదటి మాటా ఆఖరి మాటా అబద్ధం కావు. సెట్లలో లోపం లేదు. ఖాజా బీప్ కోసం ఆగలేదు. చెయ్యి స్క్రూలో ఉన్నవాడు బీప్ కోసం ఆగాలని ఇంగ్లీషులో రాసి ఉంది మరి. ఈ పదాల వాడకం ఇట్లా కూడా ఉంటుందని మీరు తెలుసుకోవాలి. ఎవరికీ అర్థం కాని మాట ఒకటి కాగితం మీద పెడితే, చదివే ఆఫీసరు దాని గురించి అడగడానికి సిగ్గుపడి ముద్ర వేస్తాడు. మిల్లు చేతులు దులుపుకుంది, మా కంపెనీ దులుపుకుంది. యాదగిరి శామీర్‌పేట చెరువులో వాళ్ల మామలతో కలిసి చేపలు పట్టే పనికి పోయాడు.

నన్ను సైట్లకు పంపడం మానేశారు. వెనక గదిలో ఛార్జర్లు బాగుచేయమన్నారు. చివరిదాకా అదే పని. బాధపడలేదని చెబితే అబద్ధం అవుతుంది. ఆ గదిలో కూర్చుని నేను కొందర్ని తిట్టుకున్న తిట్లు రాస్తే ఈ కాగితం చాలదు.

ఖాజా ఇల్లు

మేనేజరు, "ఆ ఇద్దరితోటి మాట్లాడొద్దు" అని గట్టిగా చెప్పాడు. ఒక ఆదివారం పొద్దున రెండు సెట్లు సంచిలో వేసుకొని శామీర్‌పేట బస్సెక్కాను. ఒక గదిలో పెట్టుకొని వాడేంత చిన్న రిపీటర్‌ను కూడా, అచ్చం ఆ మిల్లులో మాదిరే ప్రోగ్రామ్ చేసి పట్టుకున్నాను. ముందే కబురు పెట్టాను కాబట్టి బస్టాపులో యాదగిరి నా కోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఆటోలో ఖాజా ఊరికి పోయాం. వాకిలి దాకా వచ్చి, యాదగిరి రోడ్డు మీదే ఆగిపోయాడు.

ఖాజా మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా కుడి చేతిని మడిచి పిన్నీసు పెట్టారు. నేనెవరో చెప్పాను. సెట్లు ఇచ్చిన కంపెనీ అనగానే అతని ముఖం గట్టిపడింది.

"సెట్లు మంచియే మేడం. మనిషే మంచోడు కాదు. నేను నొక్కిన. రెండుసార్ల నొక్కిన, మల్ల నొక్కిన. వాడు ఆపలే. పదేండ్ల దోస్తాన మేడం, వాని బిడ్డ పెండ్లిల నేనే దగ్గరుండి దావత్ జూస్కున్న. కాలం గట్లున్నది."

నేను వాదించలేదు. రిపీటర్ వెలిగించి, ఒక సెట్టు అతని ఎడమ చేతిలో పెట్టాను. రెండోది మంచం మీద, అతనికి ఎదురుగా పెట్టాను.

"ఆ రోజు ఎట్లా నొక్కారో అట్లా నొక్కండి."

తాటించాడు. మంచం మీది సెట్టు పలకలేదు. నా వంక చూసి, మళ్లీ గట్టిగా తాటించాడు. పలకలేదు. ఈసారి ఆగకుండా చాలాసార్లు, వేలు నొప్పెట్టేదాకా నొక్కాడు. ఆ గదిలో బటన్ కింద ప్లాస్టిక్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు నొక్కి పట్టి ఉంచమన్నాను. బీప్ వచ్చింది. "మాట్లాడండి" అన్నాను. అతను "ఆ" అన్నాడు. మంచం మీది సెట్లోంచి ఆ గొంతు అద్దంలా బయటికి వచ్చింది.

లోపలి గదిలో అతని భార్య ఏడుస్తున్నట్టు వినిపించింది.

"అంటే వానికి ఏం ఇనబడలేదా?"

"లేదు. చెయ్యి స్విచ్ మీదే పెట్టుకొని ఉన్నాడు."

"మీ వాళ్లు గిది ముందుగాల ఎందుకు సెప్పలే?"

"మీరు తాటిస్తారని మాకు తెలియదు. తెలుసుకోవాలని మావాళ్లెవరూ అనుకోలేదు." అంతకంటే మెత్తగా చెప్పే మాట నాకు దొరకలేదు, వెతకనూ లేదు.

ఖాజా లేచి వాకిలి దాకా వెళ్లాడు. రోడ్డు మీద నిలబడ్డ యాదగిరిని చూశాడు. "లోపలికి రా యాదగిరి" అన్నాడు. యాదగిరి వచ్చి మంచానికి దూరంగా నేల మీద కూర్చున్నాడు. ఖాజా భార్య చాయ్ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. నాకు లోపల కొంచెం నిమ్మళంగా అనిపించింది. ఇన్నాళ్ల పనిలో ఒక్కటైనా సరైన చోట బిగించాననుకున్నాను.

"తప్పయిపాయె యాదగిరి" అన్నాడు ఖాజా. "నీ మీద ఊకెనే దిల్‌ల పెట్టుకున్న. మేడం ఒచ్చి సూపెట్టింది. సెట్టుల సప్పుడు రాదంట. నాకేం ఎరుక?"

యాదగిరి గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చున్నాడు.

"సెట్టు సంగతి నీకు తెల్వదు భాయ్, నిజమే" అన్నాడు చివరికి. "నా సంగతి కూడా తెల్వదా?"

యాదగిరి చాయ్ ముట్టుకోకుండానే లేచి, ఖాజా భార్యకు పోయొస్తానని చెప్పి, చెరువు దిక్కు నడిచిపోయాడు.